విమానం ఎక్కని పెద్ద సిస్టర్

పెద్ద సిస్టర్ పోయారన్న కబురు నాకు మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా తెలిసింది. మస్కట్‌లో అల్ మవాలేలోని మా క్లినిక్‌లో ఒక చంటిపిల్లకి టీకా వేసి, ఏడుపు మానేదాకా తల్లి పక్కన నిలబడి ఉన్నాను. జేబులో ఫోను కదిలింది. తీసి చూస్తే ఆవిడ చెల్లెలు పంపిన వాయిస్ మెసేజ్.

"అమ్మా, అక్క ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. పొద్దున్న టిఫిన్ తిని వరండాలో కుర్చీలో కూర్చుంది. కాఫీ ఇద్దామని వెళ్తే ఇక లేదు. నీ గురించి ఎప్పుడూ చెప్పేది, అందుకే నీకు చెబుతున్నాను."

ఆ మాటల వెనక ఎవరో పాట పాడుతున్నారు. కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఎవరికైనా చెప్పాలనిపించి గదిలోంచి బయటికి వచ్చాను. రిసెప్షన్లో కూర్చున్న అమ్మాయి నిరుడు వచ్చింది. ఫార్మసీలో మలయాళీ కుర్రాడు ఇంకా కొత్త. డాక్టర్లు మారిపోయారు, క్లీనింగ్ వాళ్ళ కంపెనీ కూడా మారిపోయింది. ఆవిడ అన్నేళ్ళు పనిచేసిన మా క్లినిక్‌లో ఆవిడని ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నాతోపాటు డ్యూటీలో ఉన్న ఫిలిప్పీన్స్ నర్సు నా మొహం చూసి ఏమైందని అడిగింది. మా మనిషి ఒకరు పోయారన్నాను. "మీ అమ్మా?" అంది. కాదన్నాను. "చుట్టమా?" అంది. అదీ కాదన్నాను. ఆమె తర్వాతి పిల్లవాడి పేరు పిలిచింది.

ఆవిడ ఎవరో ఆరోజు ఆమెకి చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నాను.

ఆవిడది నరసాపురం దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. నర్సింగ్ చదివి చిన్న వయసులోనే ఒమన్ వచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "అడిగినోళ్ళకి టైం లేదు, టైం ఉన్నోళ్ళు అడగలేదు" అని నవ్వేసేవారు. నేను వచ్చేనాటికే ఆవిడ అందరికీ పెద్ద సిస్టర్.

నేను ఖమ్మం నుంచి వచ్చిన మొదటి వారం. రూమ్‌లో నాతో ఉన్నవాళ్ళ డ్యూటీలు వేరు, నా డ్యూటీ వేరు. ఒక్కదాన్నే అన్నం వండుకుని, ఒక్కదాన్నే తిని, ఆ గిన్నె కడిగి బోర్లించేసరికి ఏడుపొచ్చేది. మర్నాడు క్లినిక్‌లో కళ్ళు వాచి ఉండటం ఆవిడ చూశారు. ఏమీ అడగలేదు. మధ్యాహ్నం నా డబ్బా పక్కన తన డబ్బా పెట్టి, "ఏమ్మా ఖమ్మం, ఏం కూర?" అన్నారు.

అప్పటినుంచి నా పేరు ఖమ్మం. ఆవిడ అందర్నీ ఊరి పేరుతోనే పిలిచేవారు. ఒంగోలు, కొట్టాయం, సెబూ. మందులు తెచ్చే పాకిస్తాన్ డ్రైవర్ని "స్వాత్ భాయ్" అనేవారు. ఇదేం అలవాటు సిస్టర్ అని ఒకసారి అడిగాను.

"పేరు కార్డు మీద ఉంటది, ఎవరైనా పిలుస్తారు. నీ ఊరు ఈ దేశంలో ఇంకెవరు పిలుస్తారే?" అన్నారు.

ఆవిడకి కొన్ని పద్ధతులుండేవి. ఎవరి చేయి పట్టుకోవాల్సి వచ్చినా ముందు తన రెండు చేతులూ రుద్దుకుని వెచ్చచేసుకునేవారు. ఏసీ గదుల్లో చేతులు మంచుగడ్డల్లా ఉంటాయి, జబ్బు మనిషి ఉలిక్కిపడతాడని. ఎప్పుడూ ఒక లవంగం బుగ్గన ఉండేది. పేషెంటుకి ఎక్కడ నొప్పి అని అడిగేముందు ఎక్కడినుంచి వచ్చావని అడిగేవారు. నాకు తొందరగా ఉండేది. బయట జనం ఉన్నారు సిస్టర్ అనేదాన్ని.

"ఉండనీ. ముందు మనిషి కుదురుకుంటే నొప్పి తనే బయటికొస్తది" అనేవారు.

ఆ మాటకి అర్థం నాకు ముసందంలో తెలిసింది.

ముసందం ఒమన్‌కి ఉత్తరపు కొస. మధ్యలో వేరే దేశం అడ్డం రావడంతో మిగతా దేశానికి తెగిపోయి ఉంటుంది. కొండలు సముద్రంలోకి దిగి, సముద్రం కొండల సందుల్లోకి దూరి ఉంటుంది. అక్కడ రోడ్డు లేని ఒక చిన్న ఊరికి మా క్లినిక్ వాళ్ళు హెల్త్ క్యాంపుకి పంపారు. ఒక సూడాన్ డాక్టరు, పెద్ద సిస్టర్, నేను, టీకాల పెట్టెలు, ఒక స్కానింగ్ మిషను. వెళ్ళాల్సింది చిన్న విమానంలో. ఎక్కేముందు మమ్మల్ని కూడా సామానుతోపాటు తూకం వేశారు. పెద్ద సిస్టర్ ఆ తూకం బల్ల మీద నిలబడి, "పెళ్ళిచూపులకి వెళ్ళుంటే ఇంత పరీక్ష ఉండేది కాదేమో" అన్నారు.

విమానం గాలికి ఎగిరి పడుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. కింద ఒక్క పచ్చని చెట్టు లేదు. బూడిదరంగు కొండలు, వాటి మధ్య నీలిరంగు నీళ్ళు. "దేవుడు ఈ వైపు చెట్లు నాటడం మర్చిపోయాడే" అన్నారు. అంతలోనే కిందికి వేలు చూపిస్తూ, "మనుషుల్ని మాత్రం మర్చిపోలేదు, చూడు" అన్నారు. కొండ పాదాన నీళ్ళకి ఆనుకుని నాలుగు తెల్లని ఇళ్ళు కనిపించాయి.

విమానం దిగిన మట్టి రన్‌వే నుంచి ఊరికి పడవలో వెళ్ళాం. ఊరంతా ఒడ్డున ఇసుక మీద చిన్న చేపలు ఆరబోసి ఉన్నాయి. ఆ వాసనకి నేను ముక్కు మూసుకుంటే, పెద్ద సిస్టర్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. "మా అంతర్వేది వాసన" అన్నారు. అక్కడి మాట మా డాక్టరుకి కూడా అర్థం కాలేదు. అరబ్బీ కాదు, వాళ్ళది వేరే భాష. బళ్ళో అరబ్బీ చదువుకున్న ఒక కోడలుపిల్ల ఆడవాళ్ళ మాటల్ని డాక్టరుకి చెబుతూ ఉంది.

రెండో రోజు ఉదయం ఒక ముసలమ్మ వచ్చింది. చూపు దాదాపు పోయింది. ఒక పనిమనిషి భుజం పట్టుకుని నడుస్తోంది. ఆ పనిమనిషి నల్ల ముసుగులో ఉంది, మొహం పాలిపోయి ఉంది, నడుం కొంచెం వంగి ఉంది. ముసలమ్మని బల్ల మీద కూర్చోబెట్టి వెనక్కి జరుగుతూ బల్ల అంచు తగిలి, "అమ్మా" అంది.

అమ్మా అని చాలామంది అంటారు. కానీ ఆ అనడం వేరు. పెద్ద సిస్టర్ చేతిలో ఉన్న సిరంజి ట్రేలో పెట్టేశారు.

"ఏ ఊరు తల్లీ నీది?" అన్నారు తెలుగులో.

ఆమె మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత ఒక్కసారిగా నేల మీద కూలబడి ఏడ్చింది. ముసలమ్మ కంగారుపడి గాలిలో చేతులు తడుముతోంది. నేను వెళ్ళి, "ఏం నొప్పి? ఎక్కడ?" అని అడగబోయాను. పెద్ద సిస్టర్ నన్ను ఆపారు.

"ఉండవే. ముందు కడుపునిండా మాట్లాడనీ."

చేతులు రుద్దుకుని, ఆమె పక్కనే నేల మీద కూర్చున్నారు.

"కడప అక్కా" అంది ఆమె. "కడప కాడ పల్లె. నేనొచ్చి రెండేండ్లు దాటె. తెలుగు ఇనక ఎన్నాళ్ళాయనో. ఈడ ఎవురికీ రాదు. గోడతో మాట్లాడుకుంటి అక్కా, పొయ్యితో మాట్లాడుకుంటి. మల్ల అదీ మానుకుంటి. పిచ్చిదనుకుంటారని."

"ఫోన్ లేదా?"

"ఉండె. సముద్రంలో పడిపాయె. ఈడ సిగ్నలు కూడా కొండెక్కితేనే."

"ఇంట్లోవాళ్ళు ఎలా చూస్తారు?"

"మంచోళ్ళే అక్కా. అవ్వ నన్ను చెయ్యి ఇడ్సదు. ఆయమ్మకి కండ్లు నేనే. కానీ నాకేం నొస్తాందో ఎట్ల చెప్పల్ల? కడుపు చూపిస్తే అన్నం పెడతాది. ఇంకా చూపిస్తే వాము నీళ్ళిస్తాది."

అలా చాలాసేపు మాట్లాడింది. బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపులోంచి తొంగి చూస్తున్నారు. తన పల్లె గురించి, చచ్చిపోయిన మొగుడి గురించి, తల్లి దగ్గర వదిలొచ్చిన కూతురి గురించి చెప్పింది. మాటలన్నీ అయిపోయాక, అప్పుడు, "అక్కా, నిన్నటినుంచి ఈడ కత్తితో పొడిసినట్టుంది. నిలబడలేకుండా ఉండా" అని కుడివైపు పొత్తికడుపు మీద చెయ్యి పెట్టింది. ఒళ్ళు కాలిపోతోంది.

డాక్టరు చూశాడు, స్కానింగ్ చేశాడు. ఆయన మొహం మారిపోయింది. అపెండిక్స్. పగిలిపోవచ్చు, పగలడం మొదలై కూడా ఉండవచ్చు. ఆపరేషన్ వెంటనే కావాలి. ఆరోజు మా చేతిలో ఉన్నది మా చిన్న విమానమే. మేం ఇంకో రోజు ఉండాల్సి ఉంది కానీ, పైలట్ ఆకాశం చూసి, గాలి లేస్తోంది, ఇప్పుడు బయల్దేరకపోతే ఎప్పుడో చెప్పలేనన్నాడు. పేషెంటుని పడుకోబెట్టాలంటే సీట్లు తీసెయ్యాలి. ఆమె కాక ఇద్దరికే చోటు. డాక్టరు తప్పనిసరి.

ఇంతలో ముసలమ్మకి సంగతి తెలిసింది. పనిమనిషి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదలనంటోంది. కొడుకులు వేటకి సముద్రం మీదికి పోయారు. అరబ్బీ చదువుకున్న ఆ కోడలుపిల్ల ఈ ముసలమ్మ కోడలే, ఏడుస్తూ డాక్టరుకి అరబ్బీలో చెప్పింది. ఇదివరకు ఒక పనిమనిషిని ఇలాగే జ్వరమని తీసుకెళ్తే మళ్ళీ రాలేదట. ఇదీ రాదు, నన్ను చీకట్లో వదిలేస్తారు అంటోందట అత్త.

డాక్టరు ఓపిక పట్టలేకపోయాడు. "చచ్చిపోతుందని చెప్పు" అన్నాడు గట్టిగా. ముసలమ్మకి ఆ గొంతు మాత్రమే అర్థమై ఇంకా గట్టిగా పట్టుకుంది. నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా కడపామె, "అవ్వ మీద అరవాకండి సార్, బెదుర్కుంటాది" అంది తెలుగులోనే.

పెద్ద సిస్టర్ వెళ్ళి ముసలమ్మ ముందు కూర్చున్నారు. కోడలుపిల్లతో తనకి వచ్చిన కొద్దిపాటి అరబ్బీలో అన్నారు. "మీ అత్తకి చెప్పమ్మా. ఈమె వెళ్తుంది, నేనుంటాను. ఎవరైనా వచ్చేదాకా మీ అత్త చెయ్యి నేను పట్టుకుంటాను." కోడలు చెప్పింది. ముసలమ్మ చెయ్యి చాపి పెద్ద సిస్టర్ మొహం తడిమింది. నుదురు, ముక్కు, బుగ్గలు. ఆ తర్వాత పనిమనిషి చేతిని మెల్లగా వదిలి, ఈవిడ మణికట్టు పట్టుకుంది.

"నేనుంట సిస్టర్, మీరు పోండ్రి" అన్నాను నేను.

"నీకిక్కడ భయమేస్తది. నాకు సముద్రం అలవాటేగా. టీకాలు కూడా సగం మిగిలాయి" అన్నారు. "విమానంలో దాంతో మాట్లాడతా ఉండు. ఏదోటి. మీ ఖమ్మం కబుర్లు చెప్పు. తెలుగు ఆగకూడదు, అంతే."

పడవలో, తర్వాత విమానంలో, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. మా వీధి, మా గేదె, మున్నేరు పొంగినప్పుడు ఇల్లు ఖాళీ చేసిన సంగతి. ఆమె కళ్ళు మూసుకునే ఊ కొట్టేది. విమానం లేచేటప్పుడు కిందికి చూశాను. మమ్మల్ని దింపి వెనక్కి వెళ్తున్న పడవలో పెద్ద సిస్టర్, ఆవిడ చెయ్యి పట్టుకుని ముసలమ్మ. ఇద్దరూ తలెత్తి చూస్తున్నారు, ఆ ముసలమ్మకి ఏమీ కనిపించదని తెలిసినా నేను చెయ్యి ఊపాను.

మస్కట్ చేరగానే ఆపరేషన్ అయింది. కడపామె బతికింది. ఇంకొంచెం ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదని సర్జన్ అన్నాడు. కానీ అటువైపు గాలి తగ్గలేదు. పడవలు కదల్లేదు, విమానం వెళ్ళలేదు. పెద్ద సిస్టర్‌తో మాటే కలవలేదు. నేను రోజూ ఆస్పత్రికి వెళ్ళి కడపామె దగ్గర కూర్చునేదాన్ని. ఆమె మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అవ్వ కాడ పెద్దక్క ఎట్లుందో?"

గాలి తగ్గాక ముసలమ్మ చెల్లెలి కూతురు ఖసబ్ పట్నం నుంచి ఆ ఊరికి వచ్చింది. అప్పుడు తిరిగొచ్చారు పెద్ద సిస్టర్. ఎండకి మొహం నల్లబడింది, గొంతు తగ్గిపోయింది. చాలా రోజులు ముక్తసరిగానే మాట్లాడారు. ఒక శుక్రవారం మస్కట్ దగ్గర బర్కాలో సముద్రం ఒడ్డున కూర్చుని నారింజ తొనలు ఒలిచి ఇస్తూ, తనంతట తనే చెప్పారు.

"ఆ ముసలమ్మ పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకి నడిచేదే. పడవల తాళ్ళు తడిమి, ఎవరి పడవ వచ్చిందో, ఎవరిది రాలేదో చెప్పేది. అంటే, చెప్పేదనుకుంటున్నా. నాకేం అర్థమయ్యింది? సాయంత్రం నా మొహం తడిమి ఒక మాట అనేది. రోజూ అదే మాట. కోడలుపిల్లని అడిగితే అర్థం చెప్పేదే."

"మరి అడగలేదా?"

"అడగలేదు. అడిగితే ఆ మాట చిన్నదైపోద్దేమో అనిపించింది." ఇంకో తొన నా చేతిలో పెట్టారు. "జ్వరం మనుషుల్ని చూశాను, చావు మనుషుల్ని చూశాను. నోట్లో మాట ఉండి చెవి దొరక్కపోతే ఎలా ఉంటదో మాత్రం అక్కడే తెలిసింది. గిన్నెలు తోముతా గిన్నెలతో తెలుగు మాట్లాడేశానే. నాకు కొద్దిరోజులే. ఆ పిల్లకి రెండేళ్ళు."

కడపామె కోలుకున్నాక ఇంటికి పంపిస్తామంటే వద్దంది. అవ్వకి చెప్పకుండా పోలేనంది. మళ్ళీ ఆ ఊరికే వెళ్ళింది, ఈసారి పెద్ద సిస్టర్ కొనిచ్చిన ఫోనుతో. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆమె కొండెక్కేది, ఈవిడ ఇక్కడినుంచి ఫోను చేసేవారు. ఎవరు వచ్చినా, చర్చిలో ఏ పని ఉన్నా, ఆ గంట ఆవిడ ఎవరికీ దొరికేవారు కాదు. కొంతకాలానికి ముసలమ్మ కన్నుమూసింది. కడపామె కడపకి వెళ్ళిపోయింది. ఫోను మాత్రం ఆగలేదు.

ఆవిడ రిటైరై ఇంటికి వెళ్ళిన రోజు నేనే ఎయిర్‌పోర్టుకి వెళ్ళాను. ఇన్నేళ్ళ సంసారమంతా రెండు పెట్టెల్లో పట్టింది. లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి చూడలేదు. ఆవిడ ఏడవడం ఎవరూ చూడకూడదు.

వెళ్ళాక మొదట్లో వారానికోసారి, తర్వాత ఎప్పుడన్నా మాట్లాడుకునేవాళ్ళం. నా డ్యూటీలు, ఆవిడ నడుం నొప్పి. చివరిసారి మాట్లాడినప్పుడు నవ్వుతూనే అన్నారు. "ఇక్కడ నన్ను ఏమని పిలుస్తున్నారో తెలుసా? మస్కట్ మామ్మంట. మా చెల్లి మనవలు, వీధిలోవాళ్ళు, ఆఖరికి పాస్టరు గారు కూడా. ఇన్నాళ్ళు అక్కడ ఊరి పేర్లతో పిలిచాను కదే, దేవుడు తిరిగిచ్చాడు."

నేను నవ్వాను. "పక్కింటివాళ్ళకి ముసందం సంగతి చెబుదామనుకున్నా. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక మానేశాను" అన్నారు. అంత తెలుగు మధ్య కూర్చుని కూడా.

కబురు తెలిసిన రోజున కడపామెకి చెప్పాలని చాలాసార్లు ఫోను తీశాను, చేత కాలేదు. ఎవరైనా చెప్పే ఉంటారని సర్దిచెప్పుకున్నాను. ఎవరు చెబుతారు? ఆమె సంగతి ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? శుక్రవారం సాయంత్రం రూమ్‌లో కూర్చుని చేశాను.

మొదటి రింగుకే ఎత్తింది.

"అక్కా, ఈ పొద్దు ఆలిస్యమాయెనే" అంది సంతోషంగా.

నంబరు చూసుకోలేదు.

"పెద్దక్క కాదు. నేను, ఖమ్మం" అన్నాను. చెప్పాను. ఎప్పుడు పోయారో, ఎలా పోయారో, నాకు తెలిసినంత చెప్పాను. ఆమె ఏడవలేదు.

"నొప్పి పడిందా?"

"లేదంట."

"ఎవురన్నా పక్కన ఉన్యారా?"

ఆ క్షణంలో ఎవరూ లేరని నాకు తెలుసు. "చెల్లెలి ఇల్లే కదా. అందరూ ఉన్నారు" అన్నాను.

"సరేలే" అంది. పెట్టేస్తానని నేను అనలేదు, ఆమె కూడా అనలేదు. ఇక్కడ గదిలో ఏసీ మోగుతోంది. అక్కడ ఆమె గడప ముందు కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నట్టుంది. కాయ పగిలిన చప్పుడు, చేటలో గింజ పడిన చప్పుడు. ఆగింది. చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఫోను కట్టయిందేమోనని చెవికి ఇంకా దగ్గరగా అదుముకున్నాను. మళ్ళీ ఒక కాయ పగిలింది, మెల్లగా. తర్వాత ఇంకొకటి.